తల్లిరాయికి వేరుశనగ వాసన

కబహెండా అడ్యేరి పేరు మా ఆఫీసులో ఇప్పుడెవరూ ఎత్తరు. ఎత్తితే డైరెక్టరుగారికి బీపీ పెరుగుతుందట. పెరగనివ్వండి, నాకేం? నేను డ్రైవరును. హోయిమాలో, నేలలో నూనె వెతికే ఈ సర్కారు ఆఫీసు పికప్పును పద్దెనిమిదేళ్ళుగా తోలుతున్నాను. రికార్డుల్లో నా పేరు బగొంజా, కానీ అరాలీ అంటేనే పలుకుతాను. మా వాళ్ళలో ప్రతి మనిషికీ ఒక ముద్దుపేరు ఉంటుంది. అడ్యేరి, అబ్వోలి, అపూలి, అమూటీ, అన్నీ అలాంటివే. ముద్దుపేరు పెట్టి పలకరించినవాడి మీద కోపం నిలవదు. అదే, ఎవరైనా మిమ్మల్ని రికార్డు పేరుతో పిలిచారంటే మీకు మూడిందన్నమాట.

అడ్యేరి పని రాళ్ళు కడగడం. ఉద్యోగం పేరు మాత్రం 'నమూనాల తయారీ సహాయకురాలు' అని తలుపు మీద రాసి ఉండేది. సరస్సు ఒడ్డు నుంచి, బోరు గుంటల నుంచి మేం రాళ్ళు సంచుల్లో కట్టి తెస్తాం. ఆమె వాటిని కడిగి, ఆరబెట్టి, మరలో పొడి చేసి, జల్లించి, చిటికెడు పొడి ఒక బుల్లి గిన్నెలో పెట్టి ఇస్తుంది. మిషను దగ్గర కూర్చునే అపూలి ఆ గిన్నెను మిషనులో పెట్టి కాలుస్తాడు. ఎన్నడో చచ్చి మట్టిలో ఇంకిన నాచూ ఆకూ అలమూ ఆ రాయిలో ఉంటే, వేడికి ఆవిరై బయటికొస్తుంది, కాగితం మీద గీత గుట్టలాగా లేస్తుంది. గుట్ట ఎంత ఎత్తుంటే, ఆ రాయికి నూనెను కనే శక్తి అంత ఉన్నట్టు. అలాంటి రాయిని తల్లిరాయి అంటారు. గుట్ట లేవకపోతే అది ఉత్త రాయి. నేలలో నూనె, అదే పెట్రోలు తీసే ముడినూనె, ఉందో లేదో చెప్పాలంటే ముందు తల్లిరాయి దొరకాలి. అందుకోసం మా ఆఫీసులో రాళ్ళ చదువు చదివిన డాక్టర్లు ముగ్గురున్నారు. ముగ్గురిలో ఒక్కరు కూడా రాయిని చేత్తో ముట్టుకోగా నేను చూడలేదు.

ఇరవై రెండేళ్ళు ఆ పని చేసింది అడ్యేరి. చేతులు సున్నం కొట్టినట్టు తెల్లగా పాలిపోయి ఉండేవి. ఆమెకు ఒకటే గర్వం. "నేను కడిగిన రాయిలో రాయి తప్ప ఇంకేమీ ఉండదు అరాలీ," అనేది. నిజమే. ఆ గర్వమే ఆమె కొంప ముంచింది.

పోయిన ఏడాది వర్షాలకు ముందు మర చెడిపోయింది. కంపాలాలోని హెడ్డాఫీసుకు ఉత్తరం రాశాం. మూడు ప్రతులు పంపమన్నారు, పంపాం. మర చెడిపోయినట్టు ఫోటో కావాలన్నారు. పనిచేయని మరకూ, పని ఆపిన మరకూ ఫోటోలో తేడా ఏం తెలుస్తుందో ఆ మహానుభావులకే ఎరుక. అదీ పంపాం. ఫోటోలో మర బాగానే ఉంది కదా అని జవాబొచ్చింది.

అప్పుడే మా డైరెక్టరు, డాక్టర్ టింకసీమిరే, అడ్యేరిని పిలిపించాడు. ఈయన ముద్దుపేరు అమూటీ. డైరెక్టరయిన వారంలోనే ఆఫీసులో ఎవరూ తనను ముద్దుపేరుతో పిలవరాదని కాగితం అంటించాడు.

"కిగానో బోరు గుంటల నమూనాలు నలభై ఉన్నాయి. పదిహేను రోజుల్లో రిపోర్టు పోవాలి," అన్నాడు.

"మర లేదు కదా సార్."

"లేకపోతే? ఆ కిగానో రాయి మెత్తటిదేగా, గోరుతో గీకితే రాలుతుంది. మీ ఆడవాళ్ళకు దంచడం కూడా నేనే నేర్పాలా? ఇంట్లో రోలు లేదా నీకు?"

ఉంది. మాను తొలిచి చేసిన రోలు, వాళ్ళ అమ్మది. ముప్ఫై నలభై ఏళ్ళు రోజూ వేరుశనగలు వేయించి అందులోనే దంచారు. మా ఇళ్ళలో వేరుశనగ ముద్ద లేనిదే కూర కూరే కాదు. మర్నాడు నేనే ఆ రోలును పికప్పులో వేసుకొచ్చాను. అడ్యేరి దాన్ని బూడిదతో మూడుసార్లు తోమింది, సలసల కాగే నీళ్ళు పోసి కడిగింది, రెండు రోజులు ఎండబెట్టింది. ఇక చూడండి, పదిహేను రోజులు ఆఫీసు వెనక దబదబమని ఒకటే చప్పుడు. దారిన పోయేవాళ్ళు లోపల పెళ్ళి వంటలనుకున్నారు.

ఆ రోజుల్లోనే ఇంకో వింత జరిగింది. పొడిని ఆరబెట్టడానికి పొయ్యి వెలిగించగానే ఆఫీసులో అందరికీ పదకొండింటికే ఆకలేసేది. టైపిస్టు తన డబ్బా తెరిచేది, డాక్టర్లు పెన్నులు మూసేవారు. గాలిలో కమ్మటి వాసన. "ఎవరింట్లోనో వంట మొదలెట్టారే!" అనేవాళ్ళు. ముగ్గురు డాక్టర్లున్న ఆఫీసులో ఆ వాసన ఎక్కడిదని ఒక్కడు అడిగిన పాపాన పోలేదు. నేనూ అడగలేదనుకోండి, కానీ నేను డ్రైవరును.

రిపోర్టు వచ్చింది. నలభై నమూనాలు, నలభై గుట్టలు! చిన్న గుట్టలా అవి? కాగితం చాలలేదు. డైరెక్టరు వరండాలో ఆ చివరి నుంచి ఈ చివరికి పరుగెత్తాడు, బూటు జారి పూలకుండీలో కాలు పెట్టాడు. విదేశాల్లో ఉన్న సలహాదారు ఒకాయన తెర మీద కనబడి, "రాయి ఇంకా ఉడకలేదు గానీ సరుకు అమోఘం. సరస్సు అడుగున లోతులో వంటగది ఉంటుంది, అక్కడ భూమి వేడికి ఉడికి నూనె దిగి ఉంటుంది," అన్నాడు. వంటగది అనే అంటారండీ వాళ్ళు, నేను కల్పించి చెప్పడం లేదు. టీ కప్పులు పట్టుకుని నేనక్కడే ఉన్నాను. వంటగది పేరెత్తినా ఆ గదిలో ఎవరికీ వేరుశనగ గుర్తుకు రాలేదు.

కిగానోలో నూనె తీయడానికి లోతైన పెద్ద బోరు వేయాలని తేల్చేశారు. శుక్రవారం కంపాలా నుంచి పెద్దాయన, అదే మంత్రిగారు, వచ్చి రిబ్బను కత్తిరిస్తాడు. ఆ వెంటనే బుల్డోజరు నేల చదును చేస్తుంది.

కిగానో సరస్సు ఒడ్డున ఉప్పు తీసే ఊరు. అక్కడ ఉప్పుమడులు ఆడవాళ్ళవి. తల్లి నుంచి కూతురికి వస్తాయి, మగవాడికి అందులో మాటే లేదు. పొడిమట్టి చల్లి, ఎండకు ఉప్పు పైకి రాగానే గీకి, నీళ్ళలో వడగట్టి కాస్తారు. అడ్యేరి పుట్టింది అక్కడే. వాళ్ళమ్మ మడిని ఇప్పుడు అక్క అబ్వోలి చేసుకుంటోంది. సోమవారం నేను పందిరి గుంజలు దించడానికి కిగానో వెళ్తుంటే అడ్యేరి కూడా బండెక్కింది.

మడిలో వంగి మట్టి గీకుతున్న అబ్వోలి మమ్మల్ని చూసి నడుం పట్టుకుని లేచింది. ఆమె పక్కనే ఎర్రగుడ్డ కట్టిన మేకు. అలాంటి మేకులు ముప్ఫై మడుల్లో ఉన్నాయి.

"ఏమే అడ్యేరీ, మీ ఆఫీసోళ్ళు నా మడిలో మేకు కొట్టిపోయారే! మడులు పోతే బదులుగా మా అందరికీ బట్టలు కుట్టడం నేర్పిస్తారట. ఈ చేతులతో నేను సూదిలో దారం ఎక్కించేదెప్పుడు, గౌను కుట్టేదెప్పుడు?"

"నూనె ఉందటక్కా," అంది అడ్యేరి నేల చూపులు చూస్తూ.

"ఎక్కడుందీ? అమ్మ బతికినన్నాళ్ళూ ఇక్కడే గీకింది. ఒక్కనాడైనా ఉప్పు జిడ్డుగా ఉందన్నదా? నాకు ఆడపిల్ల లేదు, నా తర్వాత ఇది నీ కూతురిది. దానికి మేకులిచ్చి పోనా చెప్పు?"

అడ్యేరి వంగి ఆ మేకును చేత్తో కదిపి చూసి, వచ్చి బండెక్కింది. తిరుగు ప్రయాణంలో సగం కొండెక్కాక, "అరాలీ, బండాపు," అంది. ఆపాను. కింద సరస్సునే చూస్తూ చెప్పింది.

"ఆ గుట్టలు రాళ్ళవి కావు తమ్ముడూ. మా అమ్మ రోలువి."

"ఏంటక్కా నువ్వనేది?"

"ఎనిమిదేళ్ళ కిందట ఇదే చోటి రాయిని నేనే మరలో పొడి చేశాను. గీత పడుకునే ఉంది, లేవలేదు. ఇప్పుడు నలభైకి నలభై ఎలా లేచాయి? చెక్క నూనె తాగుతుందని నాకు తెలీదా? బూడిదతో తోమానుగా, నేను తోమితే ఇంకా ఏం మిగులుతుందిలే అనుకున్నాను. పొయ్యి దగ్గర ఆ వాసన వస్తుంటే, నా ముక్కుకు వేరుశనగ అలవాటేలే అని సర్దిచెప్పుకున్నాను."

నాకు నవ్వాగలేదు. స్టీరింగు మీద తల పెట్టుకుని నవ్వాను. దేశమంతా ఎదురుచూస్తున్న నూనె మా అడ్యేరి ఇంటి కూరలోదా! తలెత్తి చూస్తే ఆమె ఏడుస్తోంది.

"నవ్వు, నవ్వు. శుక్రవారం మా అక్క మడి మీద బుల్డోజరెక్కుతుంది. ఎక్కించింది నేను," అంది. నవ్వినందుకు నాకు సిగ్గేసింది.

మర్నాడు ఉదయమే ఆమె డైరెక్టరు గదిలోకి వెళ్ళింది. తలుపు తెరిచే ఉంది, నేను బయట బెంచీ మీద ఉన్నాను. ఆమె అంతా చెప్పింది, ఒక్క ముక్క దాచలేదు. తప్పు తనదేనంది.

"కబహెండా!" అన్నాడాయన. అదిగో, రికార్డు పేరు. "ముగ్గురు డాక్టర్లు సంతకం పెట్టిన రిపోర్టు అది. నీ రోలు ఏం చదువుకుంది?"

"మళ్ళీ పరీక్ష చేయించండి సార్. పొడిని జిడ్డు వదిలించే మందుతో కడిగి కాలిస్తే తెలిసిపోతుంది. గుట్ట రాయిదైతే ఉంటుంది, పైనుంచి అంటిన నూనెదైతే పోతుంది."

"ఆ మందు స్టాకులో లేదు. కంపాలాకు రాయాలి. శుక్రవారం పెద్దాయన వస్తుంటే నేను కంపాలాకు ఉత్తరాలు రాస్తూ కూర్చోనా?"

"పోనీ మీరైనా ఒక మాట చెప్పండి సార్, కొన్నాళ్ళు ఆగమని."

"మాటలు ఫైల్లో పెట్టలేనమ్మా. కాగితం ఉందా? మిషను ఇచ్చిన కాగితం, ముద్రా సంతకం ఉన్న కాగితం? ఉంటే తీసుకురా. లేకపోతే నోరు మూసుకుని వెళ్ళు."

"సరే సార్. కాగితమే తెస్తాను," అని అడ్యేరి బయటికొచ్చింది. ఆమె మొహం చూసి నాకు భయమేసింది.

ఆ మధ్యాహ్నం మళ్ళీ కిగానోకు ట్రిప్పు, ఈసారి కుర్చీలతో. అక్కడ ఉప్పునేల పక్కనే సభకు ఇటుకలతో వేదిక కట్టేస్తున్నారు. పైకెక్కడానికి మూడు మెట్లు. రెండో మెట్టు అంచు నుంచి ఒక ముక్క ఊడిపోయి ఉంది. అడ్యేరి దాన్ని తీసి, మేస్త్రీని అడిగి, కొంగులో కట్టుకుంది.

"ఇదెందుకక్కా?" అన్నాను.

"ఇటుక. బట్టీలో కాలి వచ్చింది. ఇందులో నాచూ గీచూ ఏమున్నా ఎప్పుడో బూడిదయిపోయింది. దీనికంటే ఉత్త రాయి ఈ భూమ్మీద లేదు అరాలీ."

బుధవారం ఆ ముక్కను అదే రోట్లో దంచింది. ఎప్పటిలాగే ముందు బూడిదతో తోమి, వేడినీళ్ళు పోసి కడిగి, ఎండబెట్టి మరీ దంచింది. ఇది మీకెందుకు చెబుతున్నానంటే, తర్వాత కమిటీవాళ్ళు ఆమె కావాలని నూనె కలిపిందన్నారు. అబద్ధం. నేను పక్కనే ఉన్నాను. గిన్నెకు కట్టిన చీటీ మీద గుండ్రటి అక్షరాలతో ఉన్నదున్నట్టు రాసింది: 'నమూనా 41. కిగానో, సభావేదిక, రెండో మెట్టు. ఇటుక.'

అపూలి చీటీలోని మాటలను చూసినవి చూసినట్టే కాగితంలోకి ఎక్కించాడు. ఏం రాసి ఉందో చదవడం తన పని కాదన్నాడు తర్వాత. మిషను కాల్చింది. గుట్ట లేచింది చూడండి, నలభై గుట్టలనూ తలదన్నింది! ఇటుక గుల్లగా ఉంటుంది కదా, ఉన్న నూనెంతా పీల్చేసింది. 'తల్లిరాయి, అత్యుత్తమం' అని మిషను రాసిచ్చింది. కింద డిప్యూటీ డైరెక్టరు సంతకం, గుండ్రటి ముద్ర.

ఆమె దాన్ని తీసుకెళ్ళి డైరెక్టరు చేతికిచ్చింది. "సార్, మీరడిగిన కాగితం."

పైన ఒక ముక్క చదవగానే ఆయన ముఖం వెలిగిపోయింది. "ఇదీ మాటంటే! అన్నిటికంటే ఎక్కువ! మరి నిన్న ఏడ్చావేమిటి?"

"కింద రాసింది కూడా చదవండి సార్."

"చదువుతాను, చదువుతాను," అంటూ దాన్ని ఉపన్యాసం కాగితాల మీద పెట్టుకున్నాడు.

శుక్రవారం కిగానోలో పందిళ్ళు, బ్యాండు, మేకలు, కొమ్ముకు రిబ్బను కట్టిన ఆవులా బుల్డోజరు. ఉప్పుమడుల ఆడవాళ్ళందరినీ ఒక పక్క ఎండలో కూర్చోబెట్టారు. అడ్యేరి వాళ్ళ మధ్య, అక్క పక్కన కూర్చుంది. పెద్దాయన వేదిక మీదికి ఎక్కకుండా, జనానికి దగ్గరగా ఉన్నట్టు ఫోటో పడాలని రెండో మెట్టు మీదే నిలబడ్డాడు. మా డైరెక్టరు మైకు అందుకున్నాడు.

"నలభై నమూనాలూ బంగారమే! కానీ నలభై ఒకటోది ఉంది చూశారూ, నా ముప్ఫై ఏళ్ళ సర్వీసులో ఇంతటి తల్లిరాయిని చూడలేదు!"

చప్పట్లు. పెద్దాయనకు హుషారొచ్చింది. "ఆ రాయి ఎక్కడిది డాక్టర్? మొదటి బోరు అక్కడే వేద్దాం!"

"కిగానోదే సార్, కిగానోదే."

"కిగానోలో ఎక్కడ? చూపించవయ్యా!"

అప్పుడు, మొట్టమొదటిసారి, డైరెక్టరు ఆ కాగితం కింది భాగం చదివాడు. నోరు తెరిచాడు, మూశాడు. కళ్ళజోడు తీసి తుడిచి పెట్టుకుని మళ్ళీ చదివాడు. అక్షరాలు మారలేదు.

"ఏమిటా నీళ్ళు నమలడం? ఎక్కడ?" అన్నాడు పెద్దాయన.

అడ్యేరి లేచి నిలబడింది.

"మీ కాలి కింద సార్."

"ఏంటమ్మా?"

"రెండో మెట్టు సార్. ఆ ఊడిన అంచే. ఇటుక. కాగితంలో అదే రాశాను. మా అమ్మ రోట్లో దంచాను. అది ముప్ఫై నలభై ఏళ్ళు వేరుశనగ దంచిన రోలు, తోమితే పోయే నూనె కాదు. ఆ నలభై రాళ్ళూ అందులోనే దంచాను. అందులో ఏది దంచినా తల్లిరాయే అవుతుంది సార్. మీ బూటు ఇవ్వండి, అదీ అవుతుంది."

పెద్దాయన తన కాళ్ళకేసి చూసుకున్నాడు. ముందు నవ్వింది అబ్వోలి. ఆ తర్వాత ముప్ఫై మడుల ఆడవాళ్ళూ విరగబడి నవ్వారు. బ్యాండువాడు నవ్వుతూ డప్పు మీద చెయ్యి వేశాడు, అది మోగింది. మా డైరెక్టరు ముఖంలో నెత్తురు చుక్క లేదు. పెద్దాయన మైకు లాక్కున్నాడు. "సైన్సులో తొందర పనికిరాదని నేను మొదటి నుంచీ మొత్తుకుంటూనే ఉన్నాను!" అన్నాడు. దానికీ చప్పట్లు కొట్టారు. మేకలు ఎలాగూ కోశారు కాబట్టి అందరూ తిన్నారు. బుల్డోజరు రిబ్బనుతోనే వెనక్కి వెళ్ళిపోయింది.

తర్వాత కంపాలాకు ఎక్కడో చీమ కుట్టినట్టుంది, నెలలోపే కొత్త మర దిగింది. అవే నలభై రాళ్ళ మిగతా ముక్కలను పొడి చేసి కాల్చారు. నలభై గీతలూ చాప పరిచినట్టు పడుకున్నాయి. కిగానో బోరును 'మరింత అధ్యయనం' అనే ఫైల్లో పెట్టి తాడు కట్టారు. మేకులు పీకడానికి నేనే వెళ్ళాను.

విచారణ కమిటీ వేశారు. అధ్యక్షుడు ఎవరనుకున్నారు? మా డైరెక్టరే. అడ్యేరి మీద మూడు నేరాలు: వంటసామానును ప్రయోగశాలలోకి తేవడం, రాయి కానిదాన్ని రాళ్ళ వరసలో పెట్టడం, పైఅధికారి ద్వారా కాకుండా నేరుగా పెద్దవారితో మాట్లాడటం. ఉద్యోగం పీకేశారు. ఒక్క చీటీ కూడా ఎవరూ చదవని ఆఫీసులో ఆ ఉత్తర్వు మాత్రం అందరూ ముమ్మారు చదివారు. రోలును సాక్ష్యమని స్టోర్‌లో పెట్టి, దాని మీద తెల్లరంగుతో 'పరికరం 7' అని రాశారు.

ఉద్యోగం పోయినందుకు అడ్యేరి ఏడవలేదు. గేటు దగ్గర నా చెయ్యి పట్టుకుని, "అమ్మ రోలు ఇవ్వరటరా," అని మాత్రం వెక్కి వెక్కి ఏడ్చింది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ రోజే ట్రిప్పు షీటు తీసి, 'పరికరం 7, క్షేత్రపరిశీలన నిమిత్తం, కిగానో' అని రాసి, డిప్యూటీ ముందు పెట్టాను. ఆయన చదవకుండా సంతకం పెట్టాడు. నాకు తెలుసు పెడతాడని.

కిగానోలో దించగానే అక్కచెల్లెళ్ళిద్దరూ రోలును కావలించుకున్నంత పనిచేశారు. అప్పటికప్పుడు వేరుశనగలు వేయించి దంచారు. సరస్సు చేపతో కూర వండి, వేడి వేడి రాగి సంకటితో పెట్టారు. బయట వాళ్ళ మడిలో ఉప్పు తెల్లగా మెరుస్తోంది. మొదటి ముద్దకే నా పన్ను కరకరమంది.

"అబ్బా, రాయి!" అని ఉమ్మడానికి లేవబోయాను.

"కూర్చో," అంది అబ్వోలి. "చెల్లీ, ఎక్కడి రాయే అది?"

"ఎక్కడిదేంటక్కా? మన మడిలోదే. కిగానో రాళ్ళు నలభై సంచులు నేను దంచానుగా, చెక్కలో ఇరుక్కుని ఉంటుంది. ఎంత కడిగినా పోదు," అంది అడ్యేరి. చెబుతూనే తన పంటికింద కూడా ఒకటి పడింది కాబోలు, ఆగి, నమిలి మింగింది.

"అయితే మింగు తమ్ముడూ," అంది అబ్వోలి నా వైపు తిరిగి. "మా అమ్మ నేల అది. ఉమ్మితే ఊరుకోను."

నేను మింగాను. కొంచెం ఉప్పగా ఉంది.